ఇండెక్సులో లేనివాడు

మా వదినని ఆఫీసులో అందరూ చిత్రగుప్తమ్మ అనేవాళ్ళు. వెనకాలే లెండి, ఎదురుగా అనే ధైర్యం ఎవరికుంది. జనన మరణాల నమోదు ఆఫీసులో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసింది. అందులో జననాల బల్ల దగ్గర కూర్చున్నది ఆరు నెలలే. పుట్టినవాళ్ళ తాలూకు జనం మరీ సంతోషంగా ఉంటారనీ, సాయంత్రానికి తనకి తలనొప్పి వస్తోందనీ చెప్పి, అడిగి మరీ మరణాల బల్లకి మారింది. నేను ఆవిడ తమ్ముడి భార్యని. ఆవిడతో ఒకే ఇంట్లో ఇరవై ఏడేళ్ళు బతికాను. అందులో ఆవిడ తమ్ముడు మాతో ఉన్నది మూడేళ్ళు. కాబట్టి ఆవిడ గురించి చెప్పే హక్కు నాకున్నంత ఇంకెవరికీ లేదు. ఆవిడంటే కోపం కూడా నాకున్నంత ఇంకెవరికీ లేదు.

మనిషి పొట్టి. కౌంటరు అద్దానికి కింద ఒక కంత ఉండేది. వచ్చినవాళ్ళు వంగి దానికి నోరు ఆనించి అరిచేవాళ్ళు. నాకు చెవుడు లేదు, పోయినవాళ్ళకి ఎలాగూ వినపడదు, మామూలుగా చెప్పండి అనేదట. రిజిస్టరులో రాయడానికి నల్ల సిరా పెన్ను ఒకటి, చిత్తు కాగితానికి నీలం పెన్ను ఒకటి. నల్ల పెన్ను ఆఫీసరు అడిగినా ఇచ్చేది కాదు. రిజిస్టరులో కొట్టివేతలు ఉండకూడదు. తప్పు పడితే పక్కన మార్జిన్లో ఎర్ర సిరాతో సవరణ రాసి, తేదీ వేసి, సంతకం పెట్టాలి. ఈ జబ్బు ఇంటిదాకా వచ్చింది. సరుకుల చీటీలో ఉల్లిపాయలు తీసేసి బంగాళాదుంపలు రాస్తే, దాని పక్కన కూడా తేదీ వేసి సంతకం పెట్టేది. కూరగాయల కొట్టతను ఆ చీటీలు దాచుకున్నాడు, ఎప్పటికైనా కోర్టులో పనికొస్తాయని.

ఆవిడ గొప్పతనం వెతకడంలో ఉంది. తండ్రి పోయి నలభై ఏళ్ళయిందనీ, తేదీ తెలియదనీ, ఇప్పుడు ధ్రువపత్రం కావాలనీ ఎవరైనా వస్తే మిగతా గుమాస్తాలు రేపు రమ్మనేవాళ్ళు. మా వదిన మాత్రం లోపలికి రమ్మని కుర్చీ వేసేది. మొట్టమొదట అడిగేది ఒక్కటే, ఆయన ఏ ఊళ్ళో పోయాడని. జనం బతికిన ఊరి పేరు చెప్పేవాళ్ళు. బతికిన ఊళ్ళో వెతికితే ఏం లాభం, ఏ ఊళ్ళో ప్రాణం పోతే ఆ ఊరి పుస్తకంలోనే రాస్తారు. ఈ ఒక్క ముక్క తెలియక మనుషులు ఏళ్ళ తరబడి తప్పు ఆఫీసుల చుట్టూ తిరుగుతారని విసుక్కునేది.

పుస్తకంలో దొరక్కపోతే లైబ్రరీకి పంపేది. అక్కడ పాత పేపర్లు నెలకొక కట్టగా కుట్టి ఉంచుతారు. జిల్లా పేజీలో శ్రద్ధాంజలి ప్రకటనలు వరసగా చూసుకు రమ్మనేది. ఆఫీసుకి వచ్చి చెప్పడానికి బద్ధకించినవాడు కూడా పేపరులో ఫొటో వేయించడానికి బద్ధకించడని ఆవిడ లెక్క. మనిషి పోయిన వారంలో దొరక్కపోతే ఏడాది తరవాతి పేపరు చూడాలి. తొలి ఏడాది తిరగ్గానే ఎవరో ఒకరు స్మృతి ప్రకటన వేస్తారు, అందులో తేదీ తప్పకుండా ఉంటుంది. తేదీ దొరికితే ఆసుపత్రి, ఆసుపత్రి దొరికితే పుస్తకం. చచ్చినవాడి కళ్ళు చారెడు అని ఊరికే అనలేదు కదా, ఆ ప్రకటనలు చదివితే ఊళ్ళో చెడ్డవాడనేవాడు ఒక్కడూ చావలేదని నవ్వేది. ఒకసారి ఒకే పేజీలో ఒకే మనిషి ఫొటోతో రెండు ప్రకటనలు దొరికాయి. రెండింటిలోనూ భార్య పేరు వేరు. ఇద్దరూ ఒకేరోజు కౌంటరు దగ్గరికి వచ్చారు. మా వదిన ఒకావిణ్ణి కిటికీ పక్క బెంచీ మీదా, ఇంకొకావిణ్ణి మెట్ల దగ్గరా కూర్చోబెట్టి, ఇద్దరికీ చెరో నకలు ఇచ్చి పంపింది. ఆయన బతికుండగా చేయలేకపోయిన పని నేను పది నిమిషాల్లో చేశానని ఇంటికొచ్చి చెప్పి పొట్ట పట్టుకుని నవ్వింది.

ఆవిడ జీవితంలో పెద్ద పని ఇండెక్సు. రిజిస్టరులో మనుషులు తేదీల వరసలో ఉంటారు, పేరు పట్టుకుని వెతకాలంటే చచ్చే చావు. పాత పుస్తకాలన్నిటికీ అక్షరాల వరసన పేర్ల పట్టిక తయారుచేసింది, మా ఆఫీసుకే కాదు, చుట్టుపక్కల ఊళ్ళ ఆఫీసులకి కూడా. డిప్యుటేషన్ మీద ఎక్కడికి పంపినా మిగిలిన టైములో ఇదే పని. పని నేర్పిన పాత ఆఫీసరు ఒక్క నియమం చెప్పాడు. రోడ్డు మీదో, రైలు కింద పడో పోయి, ఎవరో తెలియక ‘గుర్తు తెలియని పురుషుడు’, ‘గుర్తు తెలియని స్త్రీ’ అని రాసినవాళ్ళు ఉంటారే, వాళ్ళని ఇండెక్సులో ఎక్కించక్కర్లేదు. పేరే లేనివాణ్ణి ఏ అక్షరం కింద రాస్తాం అన్నాడట. న్యాయమే అనిపించింది ఆవిడకి. ఆ మాట నేను వందసార్లు విన్నాను. నాకు సంబంధం ఉన్న మాటని ఎప్పుడూ అనుకోలేదు.

ఇక మా ఆయన సంగతి. లిఫ్టు మెకానిక్కు. ముప్ఫై మూడేళ్ళకే జుట్టు సగం నెరిసింది. మంచివాడే, కానీ చెప్పి వెళ్ళడం, చెప్పి రావడం పుట్టుకతో లేదు. ఏదో ఊళ్ళో లిఫ్టు ఆగిపోయిందంటే రెండు రోజులు అజా పజా లేకుండా పోయేవాడు. ఒక సాయంత్రం దీని మీదే పోట్లాడుకున్నాం. నేను అగ్గిమీద గుగ్గిలమైపోయి, వెళ్ళేవాడివి ఒకేసారి వెళ్ళిపో, మళ్ళీ నాకు నీ మొహం చూపించకు అన్నాను. పొద్దున నేను లేచేసరికి మంచం ఖాళీ. అలిగాడులే, తిరిగి తిరిగి వస్తాడులే అనుకున్నాను. నాలుగు రోజులు అలాగే అనుకున్నాను. అప్పుడు మా వదిన ఇంట్లో లేదు. ఆరు గంటల ప్రయాణం దూరంలో, కొండ మీద ఒక చలి ఊరి ఆఫీసులో నమోదు పని పేరుకుపోతే మూడు నెలలకి పంపారు. అయిదో రోజు ఆవిడకి ఫోను చేశాను. మధ్యాహ్నం బస్సుకి బయల్దేరి వచ్చేసింది.

పోలీసులు అన్నీ అడిగి, గొడవ పడ్డారా అని చివర్లో అడిగారు. పడ్డామన్నాను. పెన్ను మూసేశారు. పెళ్ళాం మీద అలిగి పోయినవాడిని వెతకడానికి ఎవరికీ తీరిక ఉండదు. నాలుగు నెలలకి ఇరుగుపొరుగువాళ్ళు నా వెనక అనడం మొదలుపెట్టారు, మొగుణ్ణి నోటితో తరిమేసిందని. వాళ్ళు అనకముందే నేనే అనుకున్నాను కనక నాకు కొత్తగా నొప్పి పుట్టలేదు.

మేముండేది మూడో అంతస్తు. ఆ లిఫ్టు ఆయనే బాగుచేసేవాడు. అది మా అంతస్తులో ఆగినప్పుడల్లా తలుపు జరిగే ముందు చిన్న కుదుపు ఇస్తుంది. ఆ కుదుపుకి నా చేతిలో ఏముంటే అది ఆగిపోయేది. గరిటె, చీపురు, దువ్వెన. అడుగులు పక్కింటి వైపు వెళ్ళేదాకా ఊపిరి తీసేదాన్ని కాదు. మా వదిన కూడా తింటున్నదల్లా ఆగేది. ఒకరినొకరు చూసుకునేవాళ్ళం కాదు. ఇలా ఏళ్ళు గడిచాయంటే ఎవరూ నమ్మరు. కుర్చీలో ఆయన లేడు, ఆయన లేడని చెప్పడానికీ లేదు. బట్టలు ఎవరికైనా ఇచ్చేద్దామంటే చెయ్యి రాదు, ఉతికి ఆరేద్దామంటే భయం వేసేది. నాకు కావలసింది ఒక్కటే. నన్ను వదిలేసి వెళ్ళాడా, లేక చచ్చిపోయాడా. రెండిట్లో ఏది చెప్పినా భరించేదాన్ని, రెండూ ఒకేసారి మొయ్యడం నావల్ల కాలేదు.

ఏటా ఆయన వెళ్ళిపోయిన నెలలో మా వదిన తనకి అందుబాటులో ఉన్న ఇండెక్సులన్నీ తిరగేసేది. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూనే, ఇండెక్సులో లేడమ్మా అనేది. అంటే బతికున్నాడు. బతికున్నాడంటే నన్ను వద్దనుకున్నాడు. ఊరటా ఏడుపూ రెండూ ఒకేసారి వచ్చేవి. దొరకని చావంటూ ఉండదు, వెతికే చోటు తెలియకపోవడమే ఉంటుందని ఊరందరికీ చెప్పే మనిషే ఆయన లేడంటోంది, ఇంకేం అడుగుతాను.

నేను కళ్ళజోళ్ళ షాపులో పనికి కుదిరాను. వెనక గదిలో రాతి చక్రం మీద అద్దాల అంచులు అరగదీసి ఫ్రేములో కూర్చోబెట్టే పని. చక్రం మీద నీళ్ళు చుక్కచుక్కగా పడుతూ ఉంటాయి, అద్దం వేడెక్కితే పగులుతుంది. షాపాయన భార్య చిన్న వయసులోనే పోయింది. నెమ్మదైన మనిషి. పదేళ్ళు ఒకే కప్పు కింద పనిచేశాక, నాకు ముప్ఫై ఏడు నిండినప్పుడు, ఒకరోజు షట్టరు దించబోతూ ఆగి, "మీ ఇంట్లో మీరూ, మా ఇంట్లో నేనూ, ఎందుకండీ ఇలా విడివిడిగా" అన్నాడు. అంతే. జవాబు తొందరేం లేదన్నాడు.

ఏడేళ్ళు ఆచూకీ లేకపోతే పోయినట్టేనని కోర్టులో చెప్పించుకోవచ్చని లాయరు ఎప్పుడో చెప్పాడు. కోర్టు చెప్తే చాలదు నాకు. రేపు లిఫ్టు కుదిపి ఆయన దిగితే? మా వదినకి విషయం చెప్పాను, సిగ్గుపడకుండా చెప్పాను. ఒక్కసారి, ఇండెక్సు కాకుండా, పుస్తకాలే పేజీ పేజీ చూడమన్నాను. ఆవిడ నా మొహం చూసి సరేనంది. తొమ్మిది రోజులు సెలవు పెట్టి నాలుగైదు ఊళ్ళు తిరిగింది. తిరిగొచ్చిన సాయంత్రం కాళ్ళు కడుక్కుని, తుడుచుకుని, అప్పుడు చెప్పింది.

"అన్ని పుస్తకాలూ చూశాను. లేడు. వాడు ఎక్కడో ఉన్నాడు."

షాపాయనకి కుదరదని చెప్పాను. ఆయన ఏడాది ఆగాడు. తరవాత ఒక టీచరమ్మని చేసుకున్నాడు, ఇద్దరు పిల్లలు. నేను ఆ షాపులోనే పనిచేశాను, ఆ పిల్లల కళ్ళజోళ్ళ అద్దాలు కూడా నేనే అరగదీశాను.

ఆ తరవాత మా వదిన మారింది. ఏటా ఇండెక్సులు తిరగేయడం మానేసింది, పెద్దదైపోయిందిలే అనుకున్నాను. నా తల నొప్పెడితే తానే నూనె రాసేది. చలికాలంలో స్వెట్టరు వేసుకోవడం మానేసింది, అడిగితే దురద అంది, తువ్వాలు కప్పుకుని వణికేది. ఆఫీసులో ఎవరూ చెప్పని పని ఒకటి నెత్తికెత్తుకుంది. గుర్తు తెలియనివాళ్ళకి కూడా ఇండెక్సు. పేరు లేకపోతే లేకపోయింది, తేదీ, చోటు, వయసు, ఒంటిమీద గుర్తులు. పని గంటలు అయ్యాక కూర్చుని నాలుగేళ్ళు చేసింది. దాంతో పదిహేడు కుటుంబాలకి తమ మనుషులు దొరికారు. పేపరులో ఆవిడ ఫొటో వేసి రాశారు. నేను ఆ ముక్క కత్తిరించి షాపులో అందరికీ చూపించాను. ఎంత గర్వపడ్డానో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

రిటైరైన మూడో ఏడు తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. కర్రతో వంటింటి దాకా, కిటికీ దాకా, అంతే తిరుగుడు. ఒక ఉదయం టీ తాగుతూ, నన్ను చూడకుండా, కొండమీది చలి ఊరి ఆఫీసులో ఒక పుస్తకం ఉంది, నువ్వొకసారి వెళ్ళి చూసి రా అంది. మా ఆయన వెళ్ళిపోయిన ఏడాది, ఆ నెల. అవన్నీ చూశానన్నావు కదా అన్నాను. నువ్వు చూడలేదు కదా అంది.

వెళ్ళాను. బస్టాండులో దిగి, చలికి ఆగలేక అక్కడే బెంచీ మీద కూర్చుని టీ తాగాను. వెనక్కి తిరిగి ఆలోచిస్తే, ఆ టీ గురించే నాకు ఎక్కువ భయమేస్తుంది, ఎందుకో మీకే తెలుస్తుంది.

ఆ ఆఫీసు రికార్డు గది మేడమెట్ల కింద ఉంది. దాన్ని చూసుకునే ఆవిడ మా వదిన పేరు వినగానే లేచి నిలబడింది. పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టి, చదివే ముందు సంతకం పెట్టాలంది. ప్రతి పుస్తకం అట్ట లోపల ఒక చీటీ అంటించి ఉంటుందట. ఎవరు తీసి చూసినా పేరు, తేదీ, దేనికోసం, ఆఖరి గడిలో ఫలితం రాయాలి. ఆ పద్ధతి పెట్టించింది మీ వదినగారేనండీ అని మురిపెంగా చెప్పింది.

అట్ట తీశాను. ఆ చీటీ మీద ఇరవై రెండేళ్ళలో ఒక్కటే వరస ఉంది. నల్ల సిరా. మా వదిన సంతకం. తేదీ పన్నెండేళ్ళ కిందటిది, షాపాయన నన్నడిగిన నెల. దేనికోసం అన్న చోట ‘సొంత పని’. ఫలితం గడిలో ‘దొరికింది’.

ఆ గదావిడ మంచినీళ్ళు తెచ్చిపెట్టింది. పేజీలు తిప్పక ముందే నా మొగుడు చచ్చిపోయాడని నాకు తెలిసిపోయింది, అది తెలిసి పన్నెండేళ్ళయిన మనిషి ఇంట్లో కిటికీ పక్కన కూర్చుని ఉంది.

నమోదు ఉంది. గుర్తు తెలియని పురుషుడు, సుమారు నలభై, నెరిసిన జుట్టు, బస్టాండు బెంచీ మీద, గుండె ఆగి. తేదీ, నేను లేచేసరికి మంచం ఖాళీగా ఉన్న రోజు. రాసిన చెయ్యి మా వదినది. గుండ్రటి అక్షరాలు, కొట్టివేత లేదు. ఆయన పోయిన మూడో రోజున ఆసుపత్రి నుంచి వచ్చిన ఫారాల కట్టలోంచి రాసింది. నా ఫోను వెళ్ళింది ఆ తరవాత రెండు రోజులకి.

ఇక ఆవిడ నేర్పిన దారే పట్టాను. ఆ ఊరి లైబ్రరీకి వెళ్ళి ఆ నెల పేపర్ల కట్ట అడిగాను. వాళ్ళ జిల్లా పేజీలో, శ్రద్ధాంజలి ప్రకటనలకి కింద, పోలీసుల ప్రకటన ఉంది. గుర్తు తెలియని మృతదేహం, తెలిసినవారు సంప్రదించాలి. మా ఊరికి వచ్చే పేపరులో మా జిల్లా పేజీ ఉంటుంది, ఇది ఉండదు. ఫొటోలో కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఆయనే. దగ్గర దొరికినవి: గుడ్డ సంచీ ఒకటి, పర్సు లేదు. బస్సు టికెట్లు రెండు, ఒకటి చింపినది, ఒకటి చింపనిది. కాగితంలో చుట్టిన ఆడవాళ్ళ ఆకుపచ్చ స్వెట్టరు ఒకటి.

ఆ స్వెట్టరు మా వదినది. చింపని టికెట్టు తిరుగు ప్రయాణానిది. ఆ రోజుల్లో టికెట్టు మీద ఊరి పేరు ఉండేది కాదు, ఉంటే ఆయన మా ఇంటికి వచ్చేవాడు. అక్కకి చలిగా ఉందని స్వెట్టరు ఇచ్చి రాత్రికి వచ్చేద్దామనుకున్నాడు, అలవాటుగా చెప్పకుండా వెళ్ళాడు. అంతేకానీ నన్ను వదిలి వెళ్ళలేదు. లైబ్రరీ బల్ల మీద తల పెట్టుకుని, ఇరవై రెండేళ్ళకి సరిపడా, సంతోషంతో ఏడ్చాను. మొగుడు చచ్చిపోయాడని సంతోషించిన ఆడదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఇంటికొచ్చి ఆ ప్రకటన నకలు ఆవిడ ఒళ్ళో పెట్టాను. ఆవిడ దాన్ని చూడలేదు.

"చీటీ చూశావా" అంది.

"పన్నెండేళ్ళు, వదినా."

ఆయన బయల్దేరడానికి నెల ముందు ఫోనులో స్వెట్టరు తెమ్మని తమ్ముణ్ణి అడిగిందట. నా ఫోను రాగానే, వాడు నా దగ్గరికే బయల్దేరాడేమో అని ఒక్క క్షణం అనిపించిందట. ఆ మాట పైకి అంటే తన వల్లే పోయాడని తేలుతుంది. అందుకే పదేళ్ళూ ఇండెక్సులు మాత్రమే చూసింది. పేరు లేనివాళ్ళు అందులో ఉండరని ఆవిడకంటే తెలిసినవాళ్ళెవరు. వాడు కనపడని చోటే చూసుకుంటూ ధైర్యం తెచ్చుకుంది. నేను పేజీ పేజీ చూడమన్నాకే నిజంగా చూసింది.

"చూశాక ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు ఆ షాపాయన్ని చేసుకుని వెళ్ళిపోతావు. ఈ ఇంట్లో నేనూ వాడూ మిగులుతాం. నాకు భయమేసింది."

ఒకటి మాత్రం నాకు అర్థం కాలేదు, అడిగాను. నాకు అంత అబద్ధం చెప్పినదానివి, ఆ చీటీ మీద నిజం ఎందుకు రాశావని. ఆవిడ నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూసింది.

"అది రికార్డు కదమ్మా" అంది.

రెండు నెలలు ఆవిడతో మాట్లాడలేదు. అన్నం పెట్టాను, మందులిచ్చాను, కర్ర అందించాను. మాట మాత్రం ఇవ్వలేదు. వెళ్ళిపోదామని సంచీ కూడా సర్దాను. ఎక్కడికి వెళ్ళాలి? వెళ్ళాల్సిన ఇంట్లో వేరే ఆవిడ కాపురం చేసుకుంటోంది. నన్ను ఆపడానికి దాచింది, నాకు వెళ్ళే చోటంటూ మిగలకుండా పోయాక చూపించింది. ఆవిడ నాకు చేసిన దాంట్లో నేను క్షమించలేనిది ఇదే, ఇప్పటికీ క్షమించలేదు.

పేరు లేని నమోదులో పేరు చేర్చాలంటే భార్యా, తోబుట్టువూ విడివిడిగా వాఙ్మూలం ఇవ్వాలి. అందులో ‘ఈ విషయం మీకు తెలిసిన తేదీ’ అని ఒక గడి. మా వదిన నల్ల పెన్ను తెప్పించుకుని పన్నెండేళ్ళ కిందటి తేదీ వేసింది. ఇప్పటి ఆఫీసరు ఒకప్పుడు ఆవిడ కింద పని నేర్చుకున్నవాడు. నన్ను పక్కకి పిలిచి, పెద్దావిడ పరువు పోతుంది, తేదీ మార్చి వేరే కాగితం రాయించమన్నాడు. ఒక్క మాట అంటే అయిపోయేది. అనలేదు. ఉన్నదున్నట్టే ఉంచమన్నాను. కోపంతో అన్నానో, ఆవిడ మీద గౌరవంతో అన్నానో నాకే తెలియదు. ఆఫీసు నుంచి సంజాయిషీ అడుగుతూ ఉత్తరం వచ్చింది. రాసింది నిజమే అని ఒక్క వాక్యం జవాబిచ్చింది. ఏడు నెలలకి నా చేతికి కాగితం వచ్చింది, ఆయన పేరుతో. ఆ వారం లిఫ్టు మా అంతస్తులో చాలాసార్లు ఆగే ఉంటుంది, నేను వినలేదు.

కాగితం షాపాయనకి చూపించాను. ఆయన కళ్ళజోడు నుదుటి మీదకి తోసి, తేదీలు రెండుసార్లు చదివి, జాగ్రత్తగా మడిచి తిరిగిచ్చాడు. కొత్త అద్దాలు వచ్చాయి, విరిగినవి ఉన్నాయేమో చూడమన్నాడు. చూశాను, ఏవీ విరగలేదు.

మా వదినతో మళ్ళీ మాట్లాడటం ఎప్పుడు మొదలుపెట్టానో గుర్తులేదు. ఉప్పు ఎక్కువైందనో, కిటికీ వెయ్యమనో ఏదో అని ఉంటాను. ఆ తరవాత ఆవిడ రెండేళ్ళు కూడా బతకలేదు. ఇద్దరం మామూలుగానే ఉండేవాళ్ళం, ఆవిడ నన్ను చూసి కొంచెం బెదిరేది, అది చూసి నాకు కొంచెం తృప్తిగా ఉండేది. మంచిదాన్నని చెప్పుకోను.

ఒక ఉదయం ఆసుపత్రిలో పోయింది. డాక్టరిచ్చిన కాగితం పట్టుకుని నేరుగా ఆవిడ ఆఫీసుకే వెళ్ళాను. కౌంటరులో కొత్తగా వచ్చిన గుమాస్తా ఉన్నాడు, ఆవిణ్ణి ఎరగడు. కాగితం మీద టైము చూసి తలెత్తాడు.

"ఇంకా మూడు వారాలు గడువుందమ్మా. ఇంత తొందరేముంది?"

ఒక్కరోజు కూడా దాచడం నాకిష్టం లేదని చెప్పాను. అతనికి ఏం అర్థమైందో, ఫారం ముందుకి లాక్కుని రాయడం మొదలుపెట్టాడు. పేరు, వయసు, చోటు అన్నీ తడుముకోకుండా చెప్పాను. సమాచారం ఇచ్చేవారు మృతురాలికి ఏమవుతారని అడిగాడు. మరదలిని అన్నాను. పొద్దున్నుంచీ రాని ఏడుపు అప్పుడొచ్చింది.